గుసగుస కూడా వద్దు

"ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండాదో చూడు," అన్నాడు కిషోర్ బాబు, భార్య చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకుంటూ.

అబిగయీలు పొయ్యి వైపు తిరిగింది. జవాబు చెప్పే వీలు ఆమెకు లేదు.

నెల్లూరులో గొంతు ఆపరేషన్ చేయించుకుని కావలికి వచ్చింది మొన్ననే. కాన్పుల వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి "ముక్కమ్మా, ఇంకొంచెం ముక్కు" అని అరిచీ, ఆ తర్వాత కొత్త నర్సులకు శిక్షణ ఇస్తూ పొద్దస్తమానం మాట్లాడీ, స్వరతంతువు మీద చిన్న బుడిపె లేచింది. నోట్లోంచే సన్నటి గొట్టం దించి, లేజరుతో దాన్ని తీసేశారు. మెడ మీద గీత కూడా పడలేదు. "నేను చెప్పేదాకా మాట్లాడొద్దు. గుసగుస కూడా వద్దు," అంది డాక్టరమ్మ.

గీత పడకపోవడమే ఇంట్లో ఆమెకు చేటైంది. "కుట్లు లేవు, కట్టు లేదు. ఇదేం ఆపరేషనమ్మా!" అంది అత్త ప్రేమలీల. చేపలు వచ్చాయి, పులుసు పెట్టాలి. ఎండుమిరపకాయల ఘాటుకు దగ్గు తన్నుకొస్తే, కొత్త గాయం అదురుతుందని అబిగయీలు కొంగు నోట్లో కుక్కుకుంది.

గుడ్డ నాలుకకు తగలగానే ఆ గది కళ్లముందుకొచ్చింది. తన మొదటి కాన్పు. నొప్పులకు అరవబోతే అత్త ఇలాగే కొంగు నోటికి అడ్డం పెట్టి, "అరవబాక, బయట మొగోళ్లు ఉండారు" అంది. ఆడపిల్ల. ఊపిరి లేదు. నర్సు గబగబా గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చేసింది. తల్లి చూస్తే బెంగపడుతుందని అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. తెల్లటి మూట గడప దాటడం మాత్రమే ఆమె చూసింది. ఆ గదిలో వినపడాల్సిన ఏడుపు వినపడలేదు. ఇన్నేళ్లూ వేరేవాళ్ల బిడ్డల ఏడుపుల మధ్య ఆ లోటు తెలియలేదేమో. ఇప్పుడు నోరు మూతపడ్డాక, గిన్నెలు తోముతున్నా, దుప్పట్లు ఆరేస్తున్నా, ఇల్లంతా ఆ రాని ఏడుపే. అది రావడం కోసం చెవులు రిక్కించుకుని ఉండిపోయేది. ముఖం ఎలా ఉండేదో ఊహించబోతే గుడ్డ మడతలే కనపడేవి.

నర్సుల శిక్షణ వాయిదా పడలేదు. ఆమె చేతులతో చూపిస్తుంటే, మెర్లిన్ అనే పిల్ల పక్కన నిలబడి పాఠం చెప్పింది. బొమ్మ బిడ్డతో అభ్యాసం. భానుప్రియ బల్ల మీద పడుకుని తల్లిలా నటిస్తోంది. బిడ్డ చనిపోయి పుట్టిందనుకోవాలి.

"బిడ్డని చుట్టేసి బయట బంధువులకి ఇచ్చేయాల," అంటూ మెర్లిన్ తలుపు వైపు నడిచింది.

అబిగయీలు అడ్డం వెళ్లి, ఆ మూట తీసుకుని భానుప్రియ గుండెల మీద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల లేచి కూర్చుని, గుడ్డ తొలగించి బొమ్మ ముఖం చూసింది. నవ్వబోయి ఆగిపోయింది. మెర్లిన్ మెల్లగా అడిగింది: "మేడమ్, ముందు అమ్మకి చూపించాలా?"

అబిగయీలు తలూపింది. ఊపుతూనే ఉంది. పిల్లలు ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

డాక్టరమ్మ మాట్లాడమన్న రోజు ఆమె "ఆ" అంది. గొంతు నున్నగా, ఎవరిదో అన్నట్టు పలికింది. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే భర్తను అడిగింది.

"నా పాపని యాడ పెట్టినారు?"

కిషోర్ బాబు సెల్‌ఫోన్ లోంచి తలెత్తాడు. "ఇప్పుడెందుకు అయ్యన్నీ? తర్వాత దేవుడు మనకి కొడుకునిచ్చినాడు గదా."

"యాడ?"

"నాకు తెలవదు అబీ. అమ్మే తీసకపోయింది. నేను అడగలా."

తెలిసీ దాస్తున్నాడని ఇన్నేళ్లు అనుకుంది. అతను అడగనే లేదు.

వసారాలో బియ్యం ఏరుతున్న ప్రేమలీల చేతులు ఆగాయి. "విడవలూరు అవతల, మా అమ్మోళ్ల సరుగుడు తోపులో," అంది తల ఎత్తకుండా. "ఆడ ఇంకోడు ఉండాడు. కిషోరు కంటే ముందు, ఊపిరి లేకుండా పుట్టినోడు. వాడి ముఖం నన్నూ చూడనీలా. యాడ పెట్టినారో మా అమ్మ చాటుగా చెప్పింది. నీ పాపని వాడి పక్కన పెడితే తోడుంటాదని..."

అబిగయీలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. తిట్టాలనుకుంది. కొంగు అడ్డం పెట్టిన ఆ చెయ్యి ఇదే. అది బియ్యం గింజల్ని ఊరికే ఇటూ అటూ జరుపుతోంది.

"వాడికి పేరు పెట్టినారా అత్తా?"

"పైకి ఎప్పుడూ అనలా." ముసలామె పెదవులు తడుపుకుంది. "మనసులో సమాధానం అని పిలుచుకుంటా."

"నా పాప దీవెన," అంది అబిగయీలు. "లెయ్యండి. బస్సుకు పోదాం."

ప్రేమలీల చేట పక్కన పెట్టి, కోడలి భుజం పట్టుకుని లేచింది.

"మరి మధ్యాహ్నానికి కూర?" అన్నాడు కిషోర్ బాబు.

అప్పటికే ఇద్దరూ గడప దాటారు.