కరపత్రంలో పట్టని వాక్యం

జూన్ పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం అక్కా తమ్ముడూ తిన్నది అన్నం, ఉప్పేసి ఉడికించిన గంగవాయిలి ఆకు. వరసగా తొమ్మిదో రోజు. తను పనిచేసే అచ్చు ప్రెస్సు వెనక గోడ వారన, ఎవరూ నాటకుండానే గుబురుగా పెరిగిన ఆ ఆకును ప్రూఫ్‌రీడరైన తమ్ముడే సంచీ నిండా కోసుకొచ్చేవాడు. కిడ్నీలు ముప్పాతిక వంతు చెడి మంచాన పడ్డ అక్కకు కాస్త ఓపిక వస్తుందని అతని ఆశ.

"గుండెకు బలం, ఎముకలకు పుష్టి, రక్తపోటుకు మంచిది" అని తమ ప్రెస్సులో వేసిన కరపత్రం అప్పజెప్పేవాడు.

"ఇంకో రెండ్రోజులు పెట్టావంటే మేకనైపోయి గోడెక్కుతాన్రా" అనేది అక్క. అంటూనే తినేది.

సాయంత్రానికి ఆమె కాళ్ళు కదపలేకపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండె పరీక్ష కాగితం చూసి, ఆమెను హుటాహుటిన డయాలిసిస్‌కు పంపింది.

"ఏం పెడుతున్నారండీ ఈవిడకి?"

అతను చెప్పాడు.

"అయ్యో! మంచి ఆకేనండీ, మీకూ నాకూ. కానీ అందులో పొటాషియం ఎక్కువ. ఈవిడ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు తినకూడదు."

ఆ వాక్యం అతనికి తెలుసు. కరపత్రం నాలుగు పేజీల్లో ఇమడక, ఆ ఒక్క వాక్యమే ఐదో పేజీలోకి జారితే, కొట్టేసింది తనే. ముప్పై ఏళ్ళుగా తప్పులు పట్టిన కళ్ళు ఆ రోజు ఒత్తులూ కామాలూ చూశాయి, పంక్తులు లెక్కపెట్టాయి. మాట చదవలేదు.

వరండాలోకి పరుగెత్తి ప్రెస్సు యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. "ఆ కరపత్రాల మిగిలిన కట్టలు బయటికి పోనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు నువ్వు ఏడుపు ఆపవయ్యా. ఇప్పుడే తాళం వేయిస్తా. పంచినవాళ్ళకీ కబురు పెడతా."

డయాలిసిస్ యంత్రం ఆగాక అక్క కళ్ళు తెరిచింది. గండం గడిచిందో లేదో రేపటి పరీక్షలో గాని తెలియదన్నారు. అతను దాచలేకపోయాడు, అంతా చెప్పేశాడు.

"చిన్నక్షరాల్లో ఇరికించొచ్చు కదరా, మొద్దూ."

"తోచలేదక్కా."

"రేపు వేయించు. నేనున్నా, లేకపోయినా."

అతను తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. బయటివాళ్ళను పంపించే వేళకు నర్సు వచ్చింది. ఏదో అనబోయి మానుకుంది. మంచం పక్కకు కుర్చీ జరిపి, లైటు ఒకటి ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.