గాజుల కింది గాటు

నేను ఒక బట్టల సబ్బును. ఫ్యాక్టరీలో తీగతో కోసి, అచ్చు గుద్ది, పెట్టెలో పడేశారు. పైడమ్మ కొనుక్కొచ్చి పెరటి కుళాయి పక్కన బండ మీద పెట్టింది. మురికి వదిలించడమే నా బతుకనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న పైడమ్మ కూతురు కనకను కుక్క పిక్క పట్టి కరిచింది. అది పైడమ్మ ఆడపడుచు ఎర్రయ్యమ్మ రోజూ గంజి పోసి సాకిన నల్లోడే. ఎర్రయ్యమ్మే పిల్లను విడిపించి, వంటింట్లోకి పరుగెత్తి కారం పట్టుకొచ్చింది.

"కారం అద్దితే ఇసం ఇరిగిపోద్ది!"

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కుళాయి పక్కనే ఉంది, నేనూ పక్కనే ఉన్నాను. ఈ మనుషులకు మండితేనే గానీ మందు అనిపించదు.

కేకలు విని ఆశా కార్యకర్త సన్యాసమ్మ వచ్చింది. "ఓలమ్మో, కారమేటి? ముందు కడగండి! ఆ సబ్బు ఇలాగియ్యి!" గడియారం చూసుకుంటూ పావుగంట సేపు పారే నీళ్ల కింద నాతో రుద్ది కడిగింది. సగానికి అరిగిపోయాను. ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ రోజు, మూడో నాడు, ఏడో నాడు, ఇరవై ఎనిమిదో నాడు సూదులు తప్పకూడదని పైడమ్మ చేత ఒట్టేయించుకుంది.

మర్నాడు ఎర్రయ్యమ్మ ఉతుకుతుంటే ఆమె మణికట్టు మీద రెండు గాట్లు నాకు తగిలాయి. పిల్లను విడిపించేటప్పుడు పడ్డవి. ఎవరికీ చెప్పలేదు. రెండో మనిషినీ కరిచిందని తెలిస్తే నల్లోణ్ణి కొట్టి చంపేస్తారని ఆమె బెంగ. గాజులు కిందికి లాక్కుంది. నాకు నోరుంటే ఊరంతా వినేలా అరిచేదాన్ని.

ఐదో నాడు నల్లోడు నీళ్లు మింగలేక, చొంగ కారుస్తూ గోడవార చచ్చిపోయాడు. ఎర్రయ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడూ చెప్పలేదు. ఇక తనకూ అదే గతి పడుతుందన్న భయం ఆమె నోరు నొక్కేసింది.

ఇవాళ ఏడో నాడు. సూదికి బయల్దేరబోతూ కాళ్లు కడుక్కోడానికొచ్చిన కనక గాజుల కింది ఆ గాట్లు చూసేసింది.

"అత్తా, నీ సెయ్యికేటి?"

"ఏటీ లేదే."

"నల్లోడేనా?"

ఎర్రయ్యమ్మ బావురుమంది. కనక ఆ చెయ్యి లాగి కుళాయి కింద పెట్టి, మిగిలిన నన్ను పట్టుకుని లెక్కపెడుతూ రుద్దుతోంది. దానికి వంద వరకే వచ్చు. వంద అవగానే మళ్లీ ఒకటి నుంచి మొదలెడుతోంది. "అమ్మా, అత్త కూడా వొస్తాది!" అని మధ్యలో కేకేసింది.

నాలుగో వంద నడుస్తోంది. నేను గోరంత మిగిలాను. ఆలస్యమైపోయిందేమో, నాకు తెలీదు. ఆటో వాకిట్లో ఆగింది. నేను కరిగిపోయినా ఫరవాలేదు, ఆమె ఉండాలి.