మైకులో విన్న క్రిస్మస్

"చెవులకు గట్టిగ కట్టుకో సౌమ్యా. చలి చెవులల్ల నుంచే పోతది లోపలికి."

క్రిస్మస్‌కు ముందు రోజు పొద్దున ఆరున్నరకు నా కొడుకు ప్రభుదాస్ తన భార్య తలకు మఫ్లర్ చుడుతూ అన్న మాట ఇది. వాళ్ళిద్దరూ అరుగు మీద కుర్చీల్లో ఉన్నారు. నేను వాకిట్లో నల్లా దగ్గర ఉన్నాను. చర్చి నుంచి తెచ్చిన పెద్ద గంజులు మూడు నా ముందు బోర్లించి ఉన్నాయి. మా నడిగూడెంలో ఆ పొద్దున ఎదురింటి గోడ కూడా కనబడనంత మంచు. నీళ్ళలో నానిన వేళ్ళు నావో కావో తెలియడం లేదు. వాడు ఫోన్ తీసి, ఎవరో పంపిన చలికాలం జాగ్రత్తలు కోడలికి చదివి వినిపించాడు. "ఎనిమిది దాటేదాంక బయటికి పోవద్దట. గోరెచ్చని నీళ్ళు తాగాల్నట. బొగ్గుల కుంపటి అర్రల వెట్టుకొని తలుపులు మూసుకోవద్దట, పాణానికే ముప్పట. పొగకు దూరముండాల్నట. వయసు మీద పడ్డోళ్ళు ఇంకింత పైలంగ ఉండాల్నట." అంతా చదివి, ఫోన్ జేబులో వేసుకుని, లోపల హీటర్ స్విచ్ ఆపి, కాగిన నీళ్ళ బకెట్ మోసుకొచ్చి బాత్రూంలో పెట్టాడు. నా పక్క నుంచే పోయాడు. నా కొడుకు బకెట్ మోయగలడని వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక నాకు తెలిసింది.

నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోవడం ఎందుకు? కోడలు చెడ్డదైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు, నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. సౌమ్య మంచి పిల్ల. సూర్యాపేటలో పుట్టి పెరిగింది, ఇప్పుడు మిర్యాలగూడలో బడి పంతులమ్మ. మావాడు వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పెళ్ళయ్యాక వాళ్ళకు ఇది మొదటి క్రిస్మస్. "అత్తమ్మా, నేను గూడ ఒక గంజు తోముత" అని లేచింది కూడా. "నీకు దగ్గున్నది, నీళ్ళల్ల చెయ్యి పెట్టకు" అని వాడే కూర్చోబెట్టాడు. ఆ దగ్గు నేను విన్నాను. రోజుకు రెండుసార్లు వస్తుంది, అదీ చిన్నగా. నేను ఆ పిల్ల కాళ్ళకున్న ఊదా రంగు మేజోళ్ళ వైపు చూస్తూ గంజు తోమాను. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని, ఒక జత మేజోళ్ళ మీద పడి ఏడుస్తున్నానని నాకే సిగ్గేసింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

మా ఆయన జానయ్య సంఘ పెద్ద. క్రిస్మస్ ఆరాధన అయ్యాక మందిరంలో అందరూ కలిసి తినే ప్రేమవిందు ఆయన పెత్తనంలోనే జరుగుతుంది. పెత్తనం ఆయనది, పొయ్యి నాది. మందిరం వెనక, బయట, తెల్లవారక ముందే పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ నడుం ఎత్తడానికి ఉండదు. ఆరాధన పదికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఈసారి మోకాళ్ళు గుంజుతున్నాయి, వంటకు ఇంకెవరినైనా చూడమని వారం కిందట అడిగాను. ఆయన నవ్వాడు. "నీకేమైతదే, అలవాటు వడ్డ పాణం. నీ చేతి బగారన్నం కోసమే సగం మంది వస్తరు." ముప్పై ఏళ్ళుగా ఆ పొగడ్త ఒక్కటి పారేసి పని చేయించుకుంటున్నారు. నేనూ ప్రతిసారీ దానికి పొంగిపోయాను. ఆ మాట కూడా చెప్పాలి కదా.

నా మొదటి క్రిస్మస్ గుర్తుంది. పెళ్ళయి నాలుగు నెలలు. కొత్త తెల్ల చీర కట్టుకుని ముందు వరసలో కూర్చోవాలని ఎంత ఆశపడ్డానో. మా అత్త రాజమ్మ తెల్లారగట్ల లేపి పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. చలికి వణుకుతూ శాలువా అడిగితే, "పొయ్యి కాడ ఉన్నోళ్ళకు చలేందే?" అంది. ముందు కాలుతూ ఉంటుంది, వీపు గడ్డ కడుతూ ఉంటుంది, ఆ సంగతి వండినవాళ్ళకే తెలుసు. ఆ తర్వాతి ఏడాది ప్రభుదాస్ కడుపులో ఉన్నాడు. ఏడో నెల. అప్పుడూ వండాను. పొగ పడదని ఎవరూ ఫోన్‌లో చదివి చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట రాజమ్మ పోయింది, గరిటె మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. నా పెట్టెలో పదహారు తెల్ల చీరలున్నాయి. అందరి విస్తళ్ళు లేచాక ఇంటికి పోయి స్నానం చేసి కట్టుకుంటాను. అప్పటికి మందిరంలో చాపలు చుట్టేసి ఉంటారు. ముప్పై ఏళ్ళు నేను క్రిస్మస్‌ను మైకులో విన్నాను. అదీ సగమే. ఉల్లిగడ్డ నూనెలో పడి చుయ్యిమన్నప్పుడల్లా పాస్టరు అయ్యగారి ప్రసంగంలో ఒక ముక్క పోయేది.

ఆ సాయంత్రం వాడు భార్యకు తన చిన్నప్పటి ముచ్చట్లు చెబుతున్నాడు. "క్రిస్మస్ నాటకంల నేను గొర్రెల కాపరి వేసిన. ఏడేళ్ళు నాకు. అమ్మ నన్ను సూసి ఏడ్సింది, ఎరికేనా?" అన్నాడు. సౌమ్య నా వైపు చూసి, "నిజమా అత్తమ్మా? ఎట్లున్నడు అప్పుడు?" అంది. వాడి తలకు తువ్వాల చుట్టింది నేను, మాట నేర్పింది నేను, కానీ నేను చూడలేదు. వాడి గొంతు మైకులో వచ్చినప్పుడు నేను గంజు దింపుతున్నాను. నాటకం అయ్యాక పరిగెత్తుకొచ్చి "అమ్మా, సూసినవా?" అంటే "సూసిన బిడ్డా" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు పొగకు వచ్చినవి. ఆ అబద్ధం వాడి దగ్గర ఇన్నేళ్ళు నిజమై కూర్చుంది. "మంచిగున్నడు" అని చెప్పి, అల్లం పొట్టు తీసే పని ఉందని లేచిపోయాను. రేపు ఈ పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది, నాటకం చూస్తుంది, పాటలు పాడుతుంది, ఏదీ సగం వినదు. ఆ రాత్రి పడుకున్నానన్న మాటే గానీ ఇదే లోపల తిరిగింది.

క్రిస్మస్ పొద్దున కూడా మంచు విడవలేదు. తుమ్మ కట్టెలు తడిసి ఒకటే పొగ. నాతో పాటు ఇద్దరు, మా వాడకట్టు రాణి, రాధమ్మ. పదిన్నరకల్లా కోడి కూర దించాం. పెద్ద గంజులో బియ్యం పోశాం. లోపల ప్రసంగానికి ముందు పాడే పాట మొదలైంది. అప్పుడు వచ్చారు, ఆలస్యంగా, నా కొడుకూ కోడలూ. తెల్ల చీర, దాని మీద శాలువా, చెవులకు మఫ్లర్. నేల తడిగా ఉందని వాడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. "జారుతది, మెల్లగ" అంటున్నాడు. పిల్ల వాడి చెయ్యి విడిపించుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. "అత్తమ్మా, పొద్దటి నుంచి ఇక్కడనే ఉన్నరా? చలి పెడ్తలేదా?"

రాజమ్మ మాట నా నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగాను గానీ అంతకన్నా పాడు పని చేశాను. గరిటె అందించాను. "ఇగో, జర కలుపు. అడుగంటకుండ సూడు." పిల్ల నవ్వుతూ కొంగు దోపుకుంది. నేను కావాలనే పొగ వచ్చే వైపు దాన్ని నిలబెట్టాను. రెండు తిప్పులు తిప్పిందో లేదో దగ్గు అందుకుంది. కళ్ళల్లో నీళ్ళు. తెల్ల చీర మీద మసి పడింది. నాకు హాయిగా ఉంది. దేవుడి మందిరం వెనక నిలబడి, ఒక పిల్ల దగ్గుతుంటే హాయిగా ఉంది. రాణి నా మొహం చూసి తల దించుకుంది.

ప్రభుదాస్ ఒక్క ఉరుకున వచ్చాడు. "నీకు పొగ పడదని చెప్పిన్నా లేదా?" అని భార్య చేతిలోంచి గరిటె గుంజుకున్నాడు. గుంజుకుని, నా చేతిలో పెట్టాడు. నా మొహం కూడా చూడలేదు. గోడకున్న కొయ్యకు అంగీ తగిలించినట్టు పెట్టాడు. "పో సౌమ్యా, లోపల కూసో" అన్నాడు.

నేను ఆ గరిటెను చూస్తూ నిలబడ్డాను. నిన్నటి నుంచి నా కుళ్ళంతా ఈ పిల్ల చేతుల మీదే ఉంది. పని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది, అంతే. వాడి చెయ్యి మధ్యలో ఒక్క క్షణం దాన్ని పట్టుకుంది, పట్టుకున్న చేతితో ఒక్కసారి కలపాలని మాత్రం వాడికి తోచలేదు. జాగ్రత్తలన్నీ చదివిన పిల్లగాడు. నేను పెంచిన పిల్లగాడు. కోపం వచ్చింది, ఈసారి దానికి దారి దొరికింది.

"ఇటు రా" అని గరిటె వాడి చేతిలో పెట్టాను. "నీళ్ళు ఇగిరినంక మంట కిందికెల్లి గుంజు. నిప్పులు మూత మీద వెయ్యి. పావుగంట కదిలియ్యకు."

"అమ్మా, నాకేడ వస్తది ఇది?"

"నాకు గూడ రాలే బిడ్డా. నేర్సుకున్న."

"నువ్వేడికి పోతున్నవ్?"

"క్రిస్మస్‌కు" అన్నాను.

నల్లా కింద చేతులు కడుక్కున్నాను. మసి చీరతోనే, సౌమ్య వెనకాలే మందిరంలోకి నడిచాను. నా వెనక రాణి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంకాసేపటికి రాధమ్మ. ముందు వరసలో ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. సౌమ్య ఏమీ అడగకుండా శాలువా సగం తీసి నా వీపు మీద కప్పింది. మెత్తగా, వెచ్చగా ఉంది. కుళ్ళు పోయిందని అనను. ఈ పిల్ల దీన్ని రోజూ కప్పుకుంటుంది కదా అనే అనుకున్నాను. కానీ శాలువా తీసెయ్యలేదు. అయ్యగారి పెదాలు కదలడం చూస్తూ మాటలు వినడం కొత్తగా ఉంది. పుట్టిన యేసును వెతుకుతూ తూర్పు జ్ఞానులు యెరూషలేములో దారి అడిగిన చోటికి వచ్చారాయన, ప్రసంగంలో.

కాసేపటికి వాసన వచ్చింది. అడుగంటుతున్న అన్నం వాసన. ముందు ఆడవాళ్ళు తలలు తిప్పారు, తర్వాత మగవాళ్ళు. అందరి కళ్ళూ నా మీదికే వచ్చాయి. పెద్దల కుర్చీల్లోంచి జానయ్య కళ్ళతోనే లేవమన్నాడు. చెయ్యి ఊపాడు. సౌమ్య లేవబోతే మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టాను. చివరికి అయ్యగారే ప్రసంగం ఆపి, మైకులోనే, "సరోజమ్మా, అన్నం మాడుతున్నట్టున్నదమ్మా" అన్నారు.

ముప్పై ఏళ్ళలో మందిరంలో నా గొంతు వినబడడం అదే మొదలు.

"అవును అయ్యగారూ, నాకు గూడ వస్తున్నది వాసన. ఆడ నా కొడుకున్నడు, ఈడ వాళ్ళ నాయిన ఉన్నడు, సూసుకుంటరు. మీరు ఆపకుండ్రి. ఈ ముక్క నేనెన్నడు ఇన్లేదు."