సగం వచ్చిన మనిషి

"నీకేముంది, అదంతా కంప్యూటరే అతికించేస్తుందిగా," అన్నాడు భర్త, బూట్ల లేసు కట్టుకుంటూ. "సాయంత్రం చెల్లి కూడా వస్తోంది. ఆలోగా నాన్న బొమ్మ పూర్తిచేసెయ్."

ఆమె నేల తుడుస్తోంది. అతను బూటు కాలు పైకెత్తాడు. ఆమె ఆ కాలి కింద తుడిచింది. అతను కాలు దించాడు. తడి నేల మీద బూటు అచ్చు పడింది. ఆమె మళ్ళీ తుడిచింది. కోపం తెచ్చుకోవలసినంత తప్పు ఇందులో ఎవరిదీ లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమెకు జరిగినవన్నీ ఇలాంటివే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే పట్టించుకోవలసినంత పెద్దవి కావు.

"స్టూడియోకి సాయంత్రం లోపల జవాబు చెప్పాలండీ," అంది.

"ముందు ఈ పని కానీ. తర్వాత చూద్దాం," అని వెళ్ళిపోయాడు. తర్వాత చూద్దాం అన్నవేవీ ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

నేల ఆరాక ఆమె ఇంకో నేల తుడవడానికి కూర్చుంది. ఆమె ఉద్యోగం అదే. స్టూడియో వాళ్ళు కొండలు, అడవులు, సముద్రపు ఒడ్లు చుట్టూ నలువైపులా ఫోటోలు తీసుకొస్తారు. పక్కపక్కనే రెండు కెమెరాలు, మధ్య దూరం మనిషి రెండు కళ్ళ మధ్య ఉన్నంత. మూడు కాళ్ళ స్టాండు మీద వాటిని కొంచెం కొంచెంగా తిప్పుతూ, తిప్పినప్పుడల్లా ఒక ఫోటో తీస్తారు. ఆ ముక్కలన్నీ ఆమె ఇంట్లో కూర్చుని అతకాలి. ఎడమ కంటికొక బొమ్మ, కుడి కంటికొక బొమ్మ. రెండిట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా చూసేవాళ్ళకి తల తిరుగుతుంది. కిందికి చూస్తే స్టాండు కాళ్ళు కనబడతాయి, వాటిని చెరిపేసి ఆ చోట గడ్డో ఇసకో గచ్చో నింపాలి. ఆ తర్వాత కళ్ళని కప్పేసే హెడ్‌సెట్ తలకి తగిలించుకున్న వాళ్ళు సరిగ్గా కెమెరా ఉన్న చోట తామే నిలబడి చుట్టూ చూస్తున్నట్టు ఉంటుంది. మంచం దిగలేని రోగులకి ఆసుపత్రుల్లో అవి చూపిస్తారు. కాళ్ళు లేని ఒక ముసలాయన అడవి చూసి, చెట్టు బెరడు తడమడానికి చెయ్యి చాపాడని స్టూడియో మేడం ఒకసారి ఫోన్లో చెప్పింది. ఆ వేళ ఆమె అన్నం తింటూ ఒక్కతే నవ్వుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ మేడమే ఇంకో మాట చెప్పింది. సముద్రం మధ్యలో ఒక లైట్‌హౌస్ ఉంది. మెలికలు తిరిగిన మెట్లు, పైన అద్దాల గది, చుట్టూ నీళ్ళు. "ఇంతకాలం వేరేవాళ్ళు తీసినవి అతికించావు. ఇది నువ్వే వెళ్ళి తియ్యి," అంది. సరుకుల పడవ దింపేసి వెళ్తుంది, మళ్ళీ వచ్చేదాకా అక్కడే ఉండాలి. శుక్రవారం సాయంత్రం లోపల చెప్పకపోతే ఇంకొకరిని పంపుతారు. ఈరోజు శుక్రవారం.

ఈ మాట మొదట చెప్పినప్పుడు భర్త కాదనలేదు. అతను ఏదీ కాదనడు. "అమ్మ ఒక్కతే ఎలా ఉంటుంది?" అన్నాడు. "మీరుంటారుగా," అంది ఆమె. "నేనుంటాననుకో. కానీ ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదుగా," అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్న మనిషి అన్న మాట అది. ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, నాన్న పోయి ఏడాదైనా కాలేదు, అమ్మని వదిలేసి నీకు సముద్రం గుర్తొచ్చిందా?" అంది. అని, తను మాత్రం వచ్చి ఉంటానని అనలేదు. అత్తగారిని ఎవరూ అడగలేదు. ఆవిడా ఏమీ అనలేదు. ఆవిడ కోడలిని ఎన్నడూ తిట్టిన మనిషి కాదు. కానీ కోడలు కాసేపు కూర్చుంటే చాలు, ఎక్కడి నుంచో వచ్చి పక్కన నిలబడేది. ఏమీ అడగదు, ఏమీ చెప్పదు, కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోదు. అలా నిలబడ్డ మనిషి ముందు ఎంతసేపని కూర్చుంటారు? కోడలు లేచేది. అప్పుడు ఇద్దరూ నిలబడేవాళ్ళు.

నాన్న బొమ్మ సంగతి భర్త ఆలోచనే. పోయినేడు స్టూడియో స్టాండు కొత్తగా వచ్చినప్పుడు, నేర్చుకుందామని ఆమె ఇంటికి తెచ్చుకుని హాల్లో ఒకసారి తీసింది. అప్పటికి మామగారు బాగానే ఉన్నారు. ఆ ముక్కలు అలాగే పడి ఉన్నాయి. "అవి అతికించెయ్. అమ్మ హెడ్‌సెట్ పెట్టుకుంటే నాన్న ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. పాపం, ఎంత సంతోషపడుతుందో," అన్నాడు భర్త. ప్రేమ అతనిది, పని ఆమెది. అయినా ఆమె ఇష్టంగానే చేసింది. ఇది పూర్తయితే అత్తగారికి తోడు దొరుకుతుంది, తనకి దారి దొరుకుతుంది అనుకుంది. చనిపోయిన మనిషిని కాపలా పెట్టి తను బయటపడదామని చూసిందన్న మాట. ఇంకెవరినైనా పెట్టే వీలు ఆ ఇంట్లో ఉంటే, ఆ పని చేసేది కాదు.

ఆ తీసిన రోజు ఆమెకి బాగా గుర్తు. "అందరూ కదలకుండా కూర్చోండి. నేను కెమెరా వెనకాలే తిరుగుతుంటాను. కదిలితే ముక్కలైపోతారు," అని చెప్పింది. మామగారు వాలు కుర్చీలో, భర్త సోఫాలో, ఆడపడుచు కిటికీ పక్కన, అత్తగారు వంటగది గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. మామగారి వైపు కెమెరా తిప్పి నొక్కింది. తర్వాత గుమ్మం వైపు తిప్పేసరికి అత్తగారు పీట మీద లేదు. లేచి వంటగదిలోకి వెళ్ళిపోతోంది. బొమ్మలో ఒక భుజం, ఒక చెయ్యి, వెనక్కి తిరిగిన మడమ పడ్డాయి. తల లేదు.

"ఎంత చెప్పినా అమ్మ కుదురుగా కూర్చోదు," అని ఆ రోజు అందరూ నవ్వారు. అత్తగారు కూడా గ్లాసుతో బయటికొచ్చి నవ్వింది.

మొన్న భర్త ఆ బొమ్మ చూసి, "అమ్మ సగమే వచ్చింది, దయ్యంలా ఉంది. తీసెయ్," అన్నాడు. ఆమె తీసేసింది. గుమ్మాన్ని గుమ్మంలా నింపింది. ముక్కాలిపీటని కూడా చెరిపేసింది, ఖాళీ పీట ఎందుకని. పని బాగా కుదిరింది. అక్కడెప్పుడూ ఎవరూ లేనట్టే ఉంది. ఆ సంతృప్తి ఇప్పుడు కూడా ఆమెలో ఉంది. అతుకులు చూసేవాళ్ళకి ముఖాలు కనబడవు.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. కూర్చుంది. "కాఫీ ఏదైనా ఉందా వదినా?" అంది. ఉన్న కాఫీ కాదు, పెట్టాల్సిన కాఫీ. పెట్టి తెచ్చింది. భర్త వచ్చాడు, ఇంకో కప్పు. తర్వాత అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టి, హెడ్‌సెట్ పట్టీ సరిచేసి తలకి తగిలించింది.

"గంతలు కట్టిన గుర్రంలా ఉన్నావే అమ్మా!" అంది ఆడపడుచు.

"బండి లాగే గుర్రానికి గంతలు కొత్తా?" అంది అత్తగారు. ఆవిడ హాస్యమాడడం ఎవరికీ అలవాటు లేదు. అందుకని ఎవరూ నవ్వలేదు.

ఆమె బొమ్మ పెట్టింది. అత్తగారి నోరు కొంచెం తెరుచుకుంది. "మన హాలే!" అంది. తల ఎడమకి తిప్పింది. "నువ్వేనటే కిటికీ దగ్గర? అప్పటికి చిక్కి ఉన్నావు." కుడికి తిప్పింది. "వీడు సోఫాలో." ఇంకా తిప్పింది. ఆగిపోయింది.

"నాన్న కనిపించారా అమ్మా?" అన్నాడు కొడుకు. ముందుకు వంగాడు. అతను నిజంగానే తండ్రిని ప్రేమించినవాడు. ఆడపడుచు చేతిరుమాలు తీసి సిద్ధంగా పెట్టుకుంది.

అత్తగారు ఏడవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, గబుక్కున లేచింది.

"ఉండండి, తెస్తున్నా," అని వంటగది ఉందనుకున్న వైపు నడిచింది. టీపాయ్ అంచు మోకాలికి ఠక్కున కొట్టుకుంది. కాఫీ కప్పు పడి పగిలింది. కొడుకు పరుగెత్తి పట్టుకున్నాడు. కోడలు హెడ్‌సెట్ తీసింది. ఆవిడ నిజమైన హాలుని కళ్ళు చికిలించి చూసింది, ఇంత తొందరగా తిరిగొచ్చానా అన్నట్టు.

"ఎక్కడికమ్మా వెళ్తున్నావు?"

"మీ నాన్నకి మంచినీళ్ళు కావాలట్రా."

"అది ఫోటో అమ్మా! ఫోటో ఎలా అడుగుతుంది?"

"అడగడమేంటి?" అంది అత్తగారు. సోఫాలో కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మీ నాన్న నోరు తెరిచి ఎప్పుడడిగాడ్రా? చూసేవాడు. నేను లేచేదాన్ని."

ఆవిడే మళ్ళీ అంది. "ఆ రోజూ అంతే. ఆ చూపుతోనే కోడలి వైపు చూశాడు, తను కెమెరా వెనకాల ఉందిగా. పాపం దాని చేతులు ఖాళీ లేవు. అందుకని నేను లేచాను. అవునూ, మరి నేనెక్కడ అందులో? గుమ్మం దగ్గర ఉండాలే?"

"నువ్వు సగమే వచ్చావమ్మా, అందుకని తీసేయించాను," అన్నాడు కొడుకు.

"సగమే వచ్చానా," అంది ఆవిడ. ఆశ్చర్యమేమీ లేదు. "లేచాను కదా మరి."

"అమ్మా, పోయిన మనిషిని అలా అనకు," అంది ఆడపడుచు, చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"ఏమన్నానే? మంచివాడు మీ నాన్న. ఒక్క మాట అన్నవాడు కాదు. చెడ్డవాడైతే ఎప్పుడో మొండికేసి కూర్చుండిపోయేదాన్ని."

కోడలు ఎదురుగా కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ తను పెట్టుకుంది. ఆ బొమ్మని ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. గచ్చు గళ్ళు కలిశాయా లేదా, కిటికీ ఊచ విరిగిందా లేదా అన్నదే చూసింది. ఇప్పుడు ముఖాలు చూసింది. మామగారు కుర్చీలోంచి ఆమెనే చూస్తున్నారు. దయగల చూపే. కనుబొమలు రవ్వంత పైకి లేచి ఉన్నాయి, మాట ఖర్చు పెట్టకుండా పని జరిగిపోయే ఎత్తుకి. తల తిప్పింది. సోఫాలో భర్త. వయసులో ముప్పై ఏళ్ళ తేడా తప్ప, అదే ఎత్తుకి లేచిన అవే కనుబొమలు. తను బాగా అతికించింది. ఒక్క అతుకూ కనబడటం లేదు. అత్తగారు లేచి వెళ్ళిపోయిన చోట శుభ్రమైన ఖాళీ గుమ్మం ఉంది. దాన్ని చేసింది తనే. ఎవరో పోట్లాడి చేయించింది కూడా కాదు, తీసెయ్ అంటే తీసేసింది. ఇంకో ఇరవై ఏళ్ళకి ఎవరో ఒకరు తనని కూడా ఇంత నేర్పుగానే తీసేస్తారు, సగమే వచ్చిందని.

హెడ్‌సెట్ తీసింది. భర్త ఆమె వైపు చూస్తున్నాడు. ఏమీ అనలేదు. ఆ చూపులో చాలా ఉన్నాయి: అమ్మకి మంచినీళ్ళు, మోకాలికి మందు, పగిలిన కప్పు, చెల్లి ఏడుపు, ఈ ఇబ్బందంతా ఎవరో ఒకరు సర్దేయడం. ఆమె కాళ్ళు వాటంతటవే సగం లేచాయి. ఆమె వాటిని మళ్ళీ కూర్చోబెట్టింది. అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

"ఏం కావాలండీ?" అని అడిగింది. వెటకారం లేదు. నిజంగా అడిగింది.

"నాకా? ఏం లేదు," అన్నాడు అతను కంగారుగా. తనకేదో కావాలని అతనికే తెలియదు. నిజంగా తెలియదు. తెలిసి చేసేవాడైతే ఎదురుతిరగడం సులువయ్యేది.

ఆమె ఫోన్ తీసి స్టూడియో మేడంకి చేసింది. బయటికి వెళ్ళలేదు, గొంతు తగ్గించలేదు. "మేడం, లైట్‌హౌస్‌కి నేనే వస్తున్నాను. పడవ ఎక్కడ ఎక్కాలో చెప్పండి," అంది. విని, సరేనని పెట్టేసింది.

ఆడపడుచు ఏడుపు ఆపేసింది. "అన్నయ్యా, విన్నావా?"

"అదేంటి, చూద్దామన్నానుగా," అన్నాడు భర్త. "మరి అమ్మ?"

ముగ్గురూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ కాసేపు మోకాలు రుద్దుకుంది. తర్వాత ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"నా వైపు అలా చూడకండ్రా, మళ్ళీ లేచిపోతాను," అంది. కొడుకు చూపు దించుకున్నాడు. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఆ సముద్రం బొమ్మ నాకు కూడా తెచ్చిపెట్టమ్మా," అంది. "అందులో మాత్రం ఎవ్వరూ ఉండకూడదు."