కుందేళ్ల దాణాలో నెయ్యి

తెర మీద హైమ పేరు లేదు.

అది 1984 మార్చి, అమెరికాలోని డాలస్‌లో శాస్త్రవేత్తల సదస్సు జరుగుతున్న ఓ హోటల్ హాలు. పైన డాక్టర్ యోగానంద్ పేరు, కింద హైమ గీసిన గ్రాఫు. హార్మోన్ సూది వేస్తే కుందేళ్ల లివర్ రక్తంలోని కొవ్వును గబగబా లాగేసుకుంటుంది. దాణాలో వెన్న కలిపితే మాత్రం ఆ హార్మోన్ పని సగానికి పడిపోతుంది. ఈ ముక్క తేల్చడానికి హైమ రెండేళ్లు కుందేళ్ల బోనుల దగ్గరే బతికింది.

"రీసెర్చ్ పేపర్‌లో మొదటి పేరు నీదేనమ్మా" అని ల్యాబ్ పెద్ద యోగానంద్ ప్రతి ఆదివారం ఆమె ఇంట్లో పప్పన్నం తింటూ మాటిచ్చాడు. జూన్‌లో ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఆ పేరుంటేనే ఇంకోచోట తలుపు తెరుస్తారు. మొన్న "స్లైడ్స్ చెక్ చేస్తాను, నోట్‌బుక్ ఇచ్చివెళ్లమ్మా" అన్నాడు. సొంత అన్నయ్య అడిగినట్టే అనుకుని ఇచ్చేసింది, పిచ్చిది!

ప్రశ్నల సమయంలో ఓ ముసలి శాస్త్రవేత్త లేచాడు.

"వెన్న కలిపిన దాణా మా దగ్గర వారంలో బూజు పట్టింది. మీ కుందేళ్లు మూడు నెలలు ఎలా తిన్నాయి?"

వేదిక మీదున్న యోగానంద్ హైమ నోట్‌బుక్ తిరగేశాడు. అందులో 'వెన్న' అనే ఉంది. నిలవ ఉండాలంటే వెన్న కాచాలని వేరే రాయాలా అనుకుని హైమ ఆ సంగతే రాయలేదు.

"మా టెక్నీషియన్‌ని అడుగుతాను" అని ఇంగ్లీషులో చెప్పి, అదే మైకులో తెలుగులోకి దిగాడు. "హైమా, ఏం చేశావో చెప్పమ్మా. పరువు పోతోంది. నీ సంగతి తర్వాత చూస్తాను."

టెక్నీషియన్! హైమకు ఒళ్లు మండిపోయింది. లేచి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే మాట్లాడింది.

"నేను డాక్టర్ హైమని. ఈ పనంతా నాది. వెన్నని మా ఇంట్లో వంటగిన్నెలో కాచి నీరు పోగొట్టాను. అది నోట్‌బుక్‌లో రాయకపోవడం నా తప్పు. ఆయనకు తెలియకపోవడానికి కారణం కూడా అదే."

హాలంతా యోగానంద్ వైపు తిరిగింది. ఆమె ఆఖరి మాట ఆయనొక్కడికే తెలుగులో చెప్పింది.

"ప్రతి ఆదివారం మీ అన్నంలో వేసింది ఆ గిన్నెలోని నెయ్యే, అన్నయ్యగారూ."