బ్రేకమ్మ ఆపిన మానిటర్

"నా బూడిద రంగు చొక్కా ఎక్కడ?" స్నానాల గదిలోంచి మా ఆయన కేక.

స్టవ్ ఆపి, పాలగిన్నె దించి, బీరువా తెరిచి, చొక్కా తెచ్చి తలుపు గడియకు తగిలించాను. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి తొడుక్కున్నారు. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించే అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. చెయ్యి చాపారు, చొక్కా ఉంది. అంతే.

"సాయంత్రం పెందలాడే వచ్చెయ్. అమ్మను కళ్ళ డాక్టరుకి చూపించాలి."

"ఈ వేళ రివ్యూ ఉందండీ."

"సంతకమే కదా! గీకేసి రా. అదేమన్నా ఆపరేషనా?"

ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్ళే సంతకం అది. ఆసుపత్రి మంచాల పక్కన గుండె వేగం, ఊపిరి చూపించే మానిటర్లుంటాయి కదా, వాటి లోపలి కెర్నల్ మా ఆఫీసులో తయారవుతుంది. పైన నడిచే ప్రోగ్రాములు అడిగింది అందించేదీ, అడగకూడనిది అడిగితే అడ్డుకునేదీ కెర్నలే. మా అత్తగారు మాత్రం పక్కింటివాళ్ళకు "మా కోడలు కంప్యూటర్లకు మందేస్తుంది" అని చెప్తారు. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

పోయిన వారం మా ఆఫీసు పరీక్షల గదిలో ఒక మానిటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక్కటే, ఒక్కసారే. "కేబుల్ వదులై ఉంటుంది" అని మేనేజర్ గారు తేల్చేశారు. కాదన్నది మా సీనియర్ మేడమ్ ఒక్కరే. ఆవిడను వెనకాల అందరూ బ్రేకమ్మ అంటారు. రిలీజుకు సిద్ధమైన ప్రతిదాన్నీ ఆవిడ ఆపుతారని. "ఆవిడ ఎక్కితే లిఫ్టు కూడా ఆగుతుంది" అని క్యాంటీన్‌లో జోకు. ఈ కెర్నల్‌ను బయటికి పంపొచ్చని రివ్యూలో ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సింది నేను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

మధ్యాహ్నం ఆవిడే నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, టీ తెచ్చుకుని రా. ఒకదాన్ని చంపుదాం."

పరీక్షల గదిలో మానిటర్ సెన్సర్‌ను తన వేలికి తగిలించుకున్నారు. తెర మీద ఆవిడ గుండె వేగం మొదలైంది. తర్వాత మానిటర్ మెమరీని కొంచెం కొంచెంగా తగ్గించడం మొదలుపెట్టారు, ఇరుకు గదిలో ఒక్కో కుర్చీ బయట పెడుతున్నట్టు.

"ప్రోగ్రాం ఒక పేజీ కోసం, అంటే తన అంకెలున్న ఒక ముక్క కోసం, చెయ్యి చాపింది. అది మెమరీలో లేదు. ఏమవుతుంది?"

"పేజ్ ఫాల్ట్ మేడమ్. కెర్నల్ ప్రోగ్రామ్‌ను ఉన్నచోటే ఆపి, పేజీని డిస్కులోంచి తెచ్చిపెట్టి మళ్ళీ కదిలిస్తుంది."

"తాను ఆగానని ప్రోగ్రాముకు తెలుస్తుందా?"

"తెలియదు." నాకెందుకో పొద్దుటి చొక్కా గుర్తొచ్చింది.

"పైవాళ్ళు చెయ్యి చాపితే కెర్నల్ ఉంది. కెర్నలే చెయ్యి చాపిన చోట పేజీ లేకపోతే?" ఆవిడ వేలు తెర మీద ఒక పంక్తి దగ్గర ఆగింది. "ఇక్కడ మెమరీ లాక్ తీసుకుంటున్నాం, ఇంకెవరూ మెమరీని కదపకుండా తాళం వేసుకున్నట్టు. అది చేతిలో ఉండగానే ప్రోగ్రాం నుంచి అంకెలు కాపీ చేస్తున్నాం. పేజీ లేదు. దాన్ని తెచ్చిపెట్టే కెర్నల్ భాగానికి ఏం కావాలి?"

"అదే లాక్."

"అదెవరి దగ్గరుంది?"

"మన దగ్గరే." ఆ పంక్తి రాసింది మేనేజర్ గారు.

ఆవిడ మెమరీని ఇంకొంచెం బిగించి, వేలి నుంచి సెన్సర్ తీసేశారు. తెర మీద డెబ్బై ఎనిమిది. చూస్తూనే ఉన్నాను. డెబ్బై ఎనిమిదే.

"చచ్చిపోయినా ఎంత ఆరోగ్యంగా ఉన్నానో చూడు," అన్నారు బ్రేకమ్మ.

ఆవిడ రాసిన మార్పు అప్పుడు చూపించారు. లాక్ పట్టుకుని ఉండగా పేజీ లేదని తేలితే, అక్కడ నిలబడి ఎదురుచూడకూడదు. వెనక్కి రావాలి. లాక్ వదిలెయ్యాలి. ఖాళీ చేతులతో పేజీ తెచ్చుకుని, మళ్ళీ లాక్ తీసుకుని, ఈలోగా ఎవరేం మార్చారోనని అంతా మొదటి నుంచి సరిచూసుకోవాలి. అడిగిన చిరునామాయే తప్పయితే, తప్పని మొహం మీదే చెప్పాలి. ఎక్కడా హడావుడి లేదు, దాపరికం లేదు. ఇన్నేళ్ళుగా ఎన్ని వెటకారాలు పడితే ఇంత నిదానం వచ్చిందో ఈవిడకు! కోడ్ చదువుతూ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించడం నాకదే మొదటిసారి. అంతలోనే ఇంకో ఆలోచన గుచ్చింది. ఇల్లంతా చేతుల్లో బిగించి పట్టుకుని, నాక్కాస్త తీరిక దొరకాలని నా కోసం నేనే ఎదురుచూస్తూ ఎన్నేళ్ళుగా నిలబడి ఉన్నాను? పైకి అంతా బాగానే కనిపిస్తోంది. "మా కోడలికి అలుపే లేదు" అంటారు అత్తగారు. "తనకి ఇవన్నీ ఇష్టం" అంటారు ఆయన.

బ్రేకమ్మతో కలిసి రివ్యూ గదిలోకి వెళ్ళేసరికి మేనేజర్ గారు నవ్వుతున్నారు.

"మేడమ్ మళ్ళీ బ్రేకు తొక్కారటగా! మెమరీని అంత నొక్కితే ఏదైనా చస్తుంది. ఆసుపత్రిలో ఎవరు నొక్కుతారు?"

"ఒకే మానిటర్ మీద నాలుగు పరీక్షలు ఒకేసారి నడిపితే చాలండీ," అన్నాను. "నడుపుతారు."

ఆయన నా వైపు కొత్తగా చూశారు. "అందుకేగా నేనూ చిన్న మార్పు చేశాను. పేజీ లేకపోతే పాత అంకె చూపించి ముందుకెళ్తుంది. ఆగదు."

"పాత అంకె చూపించడమే ఆగడం అండీ."

ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"సరే. మేడమ్ మార్పే పెడదాం. అంత పెద్ద మార్పు కాబట్టి ఆసుపత్రిలో పెట్టి చూసే ట్రయల్ మళ్ళీ మొదటి నుంచి. ఎవరో ఒకరు పగలూ రాత్రీ మానిటర్ పక్కనే ఉండాలి. రాసినవాళ్ళు తమ పనిని తామే పరీక్షించకూడదు, ఆ రూలు మేడమే పెట్టించారు. అంటే మిగిలింది నువ్వు." గొంతు మెత్తబడింది. "ట్రయల్ అయ్యేదాకా నీ ఉద్యోగం ఖాయం చేసే మాట కూడా పక్కన పెట్టాలి మరి. నా మార్పుకు ఒప్పుకుంటే ఈ రోజే అయిపోతుంది."

నేను బ్రేకమ్మ వైపు చూశాను. ఆవిడ కనుసైగ కూడా చెయ్యలేదు. నన్ను ఎటూ తొయ్యకుండా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తన వారం రోజుల కష్టం నా ఒక్క మాట మీద వేలాడుతున్నా సరే. ఒక మనిషికి అంతకన్నా పెద్ద గౌరవం ఎవరివ్వగలరు?

"సంసారం ఉన్నదానివి, తొందరేం లేదు," అన్నారు మేనేజర్ గారు. "ఇంట్లో ఒకసారి అడిగి చెప్పమ్మా."

"మేడమ్ మార్పే పెట్టండి. ట్రయల్‌కి నేను వెళ్తాను," అన్నాను. "ఇంట్లో చెబుతానండీ. అడగను."