నల్లతోట పక్కన సన్నజాజి పందిరి

చింతపల్లి దాటాక కాఫీ తోటల మలుపులో బుజ్జిబాబు హోమ్‌స్టే కట్టాడు. చలికాలంలో మంచు చూడ్డానికి జనం వచ్చేవారు. మంచు చుట్టుపక్కల అందరికీ ఉంది కాబట్టి, మంచుతో పాటు ఇంకోటేదైనా ఉండాలని అతనికి తోచింది. ఫోన్లో చూసి చూసి, దయ్యాల తోట వెయ్యాలని తేల్చాడు.

"అన్నీ నల్లపూలే ఉండాలి హేమా. చూసినోడికి గుండె జారిపోవాలి. బాటనీ చదివావు కదా, నువ్వే ఎంచు," అన్నాడు భార్యతో.

"ఎక్కడ వేస్తారు?" అంది హేమలత.

"గేటు పక్కన. ఆ సన్నజాజి పందిరి పీకేస్తే బోలెడు చోటు."

ఆ పందిరి హేమలతది. కొండెక్కి వచ్చిన కొత్తలో పలకరించే మనిషి లేక, ఆ తీగను పాకించుకుంటూ పొద్దు పుచ్చింది. పీకొద్దంటే అది వాదనవుతుంది, వాదనలో అతని గొంతు పెద్దది.

"ముందు నల్లపూలు పందిరి పక్కనే వేద్దాం. వచ్చినవాళ్ల గుండెలు జారితే పందిరి తీసెయ్యండి. జారకపోతే దాని జోలికి రాకూడదు," అంది.

"సరే, జారకపోతే ముట్టుకోను. అయినా ఎందుకు జారవు? కార్తీకంలో వైజాగ్ కాలేజీ పిల్లలొస్తన్నారు. వాళ్లే చెప్తారు."

నర్సీపట్నంలో నర్సరీకి భర్తతో వెళ్తూ హేమలత నల్ల గొడుగు పట్టుకెళ్లింది. వాన లేదు. నలుపని చూపించిన ప్రతి పువ్వునూ గొడుగు గుడ్డ మీద పెట్టి చూసింది. నల్ల డేలియా బీట్‌రూట్ రంగు తేలింది. నల్ల గులాబీ నేరేడు పండు తొక్క. పెటూనియా వంకాయ.

"అమ్మా, పువ్వుల్లో ఇంతకంటే నలుపు బెమ్మదేవుడే సెయ్యలేదు," అని నర్సరీ అతను నొచ్చుకున్నాడు.

"అలాగా. అయితే ఆయన చేసినవాటిలోనే ముదురువి ఇవ్వండి."

బుజ్జిబాబు నల్ల ఉమ్మెత్త పట్టుకొచ్చాడు. "శివుడి పువ్వు. సోమవారం మొదట మీరే కోసుకెళ్తారు," అంది. కృష్ణతులసి తెచ్చాడు. ఆమె అతని వైపు ఓసారి చూసింది. అతనే దాన్ని కళ్లకద్దుకుని తీసిన చోట పెట్టేశాడు. చివరికి డేలియాలు, పెటూనియాలు, ముదురు కోడిజుట్టు పూలు జీపెక్కాయి.

అన్నీ బాగా పూశాయి. ముందుగా చూసింది వంటలో సాయానికి వచ్చే సోములమ్మ.

"ఏటమ్మా, ఇన్ని నల్లపూలు! ఎవులి దిష్టికి?"

"దిష్టికి కాదు సోములమ్మా, భయానికి."

"అదే కదమ్మా, బయం పోడానికి."

మర్నాడు ఆమె చంటి మనవరాలిని చంకనేసుకొచ్చి తోట చుట్టూ మూడుసార్లు తిప్పింది. పిల్ల ఆ రాత్రి ఏడవకుండా నిద్రపోయిందట. అంతే, గూడెంలో పిల్లలందరూ వచ్చారు. తర్వాత ఒక పెళ్లికొడుకు వచ్చాడు. ఆ తర్వాత మేకలు.

ఘాట్ రోడ్డులో సర్వీసు జీపు నడిపే పోలయ్య గేటు ముందు బండి ఆపి, డేలియా ఒకటి తుంచి, బంపరుకి నిమ్మకాయా మిరపకాయల పక్కన కడుతుంటే బుజ్జిబాబు పరుగెత్తాడు.

"పోలయ్యా, ఏటి సేత్తన్నావు? అది దయ్యాల తోటరా!"

"అందుకే కద బావూ. ఇంకోటియ్యి బేగి, ఎనకాల కూడా కడతాను."

హేమలత డేలియాలకు నీళ్లు పోస్తూనే ఉంది. నవ్వలేదు.

వైజాగ్ పిల్లలు శనివారం మధ్యాహ్నం దిగారు. సౌజన్య అనే అమ్మాయి తోటలోకి వంగి చూసింది. "ఎంత క్యూట్‌గా ఉన్నాయో!"

"బయం వెయ్యలేదామ్మా?" అన్నాడు బుజ్జిబాబు.

"భయమా అంకుల్? అచ్చం మా అమ్మ పట్టుచీర రంగు."

పిల్లలు కాఫీ తోటలు చూడ్డానికి వెళ్లగానే అతను కత్తి తెచ్చి గేటుకి ఆనించాడు. "చూశావా? ఆ తెల్లపూలు పక్కనుండబట్టే నలుపు పలచబడిపోయింది. పొద్దున్నే కొట్టేస్తాను."

"జారకపోతే ముట్టుకోనన్నారు."

"అప్పుడు తెలీక అన్నాను."

హేమలత ఆ పూట తలంటుకుంది, జుట్టు ఇంకా ఆరలేదు. ఈ ఒక్క సాయంత్రం మొగ్గలైనా దక్కించుకుందామని, ఒంటి మీదున్న తెల్ల నేతచీరతోనే పందిరి కిందికి వెళ్లింది. అప్పటికే మంచు కాఫీ తోటల మీంచి గేటు దాకా దిగింది.

పిల్లలు తిరిగొచ్చేసరికి వాళ్లకు ముందు సన్నజాజి వాసన తగిలింది. తర్వాత గాజుల చప్పుడు. తర్వాత మంచులో తెల్లచీరా, విరబోసిన జుట్టూ.

హేమలతకు వంట గుర్తొచ్చింది. "వచ్చేశారా? మీకోసమే కాచుకున్నాను. మొత్తం ఎంతమంది?" అంది.

లెక్క చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. సౌజన్య మాత్రం డేలియాల్లో దూకి, రెండు చేతులా కోడిజుట్టు మొక్కను కరుచుకుంది. కేకలు విని టార్చితో వచ్చిన బుజ్జిబాబు గేటు దగ్గరే ఆగిపోయి ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు.

"నేనేనండీ," అంది హేమలత.

"తెలుసు," అని మళ్లీ దండకం అందుకున్నాడు.

పొద్దున్న ఇడ్లీలు తింటూ పిల్లలు వచ్చే శనివారానికి గదులు కావాలంటూ స్నేహితుల పేర్లు చెప్పారు. "అంకుల్, మన దయ్యాలు ఎప్పుడైనా నల్లగా వచ్చాయా?" అంది సౌజన్య. బుజ్జిబాబు లేచి గేటు దగ్గరి కత్తి తీశాడు. దాంతో వెదురు చీల్చుకొచ్చి, పందిరి వాలిన వైపు ఊతగా నిలబెట్టాడు.

"హేమా, వచ్చే శనివారం కూడా తలంటుకుంటావా?"

ఆమె పందిరిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "డేలియాల వైపు ఇంకో నాలుగు గుంజలు పాతితే ఆలోచిస్తాను."

పాతాడు. తీసిన డేలియాలను పోలయ్య జీపులో వేసుకుపోయాడు. సోములమ్మ మాత్రం మనవరాలిని ఎత్తుకుని, పందిరి వైపు చూడకుండా పెరటి దారినే వస్తోంది.